మనవుల పుస్తకం

2025 జనవరి 1, బుధవారం

రాత్రి కొత్త సంవత్సరపు ఆరాధన ముగిసి ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది. తెల్లవారకముందే లేచి మా సంఘం ఆడవాళ్లం కొందరం ఒంగోలు ప్రేయర్ మీటింగ్ హిల్ ఎక్కాం. మంచు బాగా పట్టింది. ఊళ్లో దీపాలు తప్ప ఏమీ కనబడలేదు.

1854లో ఇదే తేదీన, ఇలాంటి చీకట్లోనే ఐదుగురు ఈ కొండెక్కారు. అమెరికా మిషనరీ జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, నెల్లూరు నుంచి వాళ్ల వెంట వచ్చిన జూలియమ్మ, రూతమ్మ, ఇంకొక తెలుగు సోదరుడు. అప్పటికి ఒంగోలులో మిషను లేదు, సంఘం లేదు. కొండ మీదనుంచి చూస్తే నాగజెముడు కమ్ముకున్న మెరక నేల కనిపించేదట. అక్కడ మిషను బంగళా రావాలని, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ఒకరి తరవాత ఒకరు ప్రార్థన చేసి దిగి వెళ్లారు. ఆ సేవకుడిగా క్లౌ దొరగారు నెల్లూరు చేరింది 1865లో. ఒంగోలుకి కాపురం వచ్చింది 1866లో.

చిన్నప్పటినుంచీ వింటున్న కథే. చెప్పేవాళ్లందరూ కొండ మీద ప్రార్థన చేశారంటారు, క్లౌగారు వచ్చారంటారు. మధ్యలో పన్నెండేళ్లు ఒక్క ఊపిరిలో దాటేస్తారు. నాకు ఆ పన్నెండేళ్లే కావాలి. 1855 జనవరిలో రూతమ్మ ఏమనుకుని ఉంటుంది? 1860లో? కొండ మీద అడిగిన మాట ఇంకా నోట ఉందా, లేక ఇంటిపనుల్లో పడి నెమ్మదించిందా? ఎవరూ రాసిపెట్టలేదు. ఆడవాళ్లు ప్రార్థనలో గడిపిన ఏళ్లను రాసిపెట్టేవాళ్లు ఎప్పుడూ తక్కువే.

జ్యూయెట్ గారి సంగతి మాత్రం తెలుసు. 1862లో ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లారు. మిషను పెద్దలు ఈ తెలుగు మిషనును ఎత్తేద్దామా అని మళ్లీ తర్జనభర్జన పడుతున్న సమయం అది. 1848లో ఒకసారి, 1853లో ఆల్బనీ సభలో ఒకసారి అదే ఆలోచన వచ్చి ఆగింది. దేశపటం మీద ఒంటరిగా ఉన్న ఈ మిషనుకి 'లోన్ స్టార్' అన్న పేరు ఆల్బనీ రోజుల్లోనే స్థిరపడింది. మీరు ఎవరినీ పంపకపోతే నేనొక్కణ్ణే తిరిగి వెళ్లి తెలుగువాళ్ల మధ్యే చనిపోతానని ఆయన పట్టుబట్టారు. ఆయన్ని ఒంటరిగా పంపలేక తోడుగా ఒక మనిషిని వెతికారు. అలా దొరికినవాడే క్లౌ.

అంటే కొండ మీద ఎవరికోసం అడిగారో, ఆ మనిషి రావడానికి అడిగినవాడే సముద్రం దాటి వెళ్లి మాట్లాడవలసి వచ్చింది. ఈ సంగతి ఇవాళ మెట్లు దిగుతూ చాలాసేపు ఆలోచించాను.

జనవరి 3, శుక్రవారం

ఈ ఏటి మొదటి ఉపవాస కూడిక. మనవుల పుస్తకం నా దగ్గరే ఉంటుంది. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన రోజుల్లో రిపోర్టు పుస్తకం రాసిన అలవాటు కాబట్టి కూడిక నడిపించే పెద్దమ్మగారు ఈ పని నాకు అప్పజెప్పారు. ఎవరు అడిగారు, ఎవరికోసం, ఏ తేదీ. నెరవేరితే పక్కన తేదీ వేసి, సాక్ష్యం చెప్పించి, స్తోత్రం చేస్తాం. పిల్లల ఫీజులు, కాన్పులు, కిడ్నీ రోగులు, కువైట్ వెళ్లి ఫోను చెయ్యని కూతురు, పొగాకు ధర.

కొత్త పుస్తకం మొదలుపెట్టినప్పుడల్లా పాతదానిలో నెరవేరనివి ఎక్కించాలి. మా తమ్ముడి పేరు మళ్లీ ఎక్కించాను. చీమకుర్తి క్వారీలో డ్రిల్లింగ్ పని, సాయంత్రం తాగుడు. వేరే చెప్పడానికేముంది. ఎన్ని పుస్తకాలు మారినా ఆ పేరు మారలేదు.

అది చూసి కొత్తగా మాతో కలిసిన ఒకామె అంది: "అక్కా, విశ్వాసంతో అడిగితే ఇన్నాళ్లు పట్టదు. ఎక్కడో సందేహం ఉండి ఉంటుంది, చూసుకో." ప్రేమతోనే అంది, పోట్లాటకి కాదు. పెద్దమ్మగారు వెంటనే, "అమ్మా, ఆ మాట ఇక్కడ అనొద్దు" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు, ప్రార్థన మొదలుపెట్టారు.

నేను ఇక్కడ రాసుకుంటాను. నలిగిన మనిషి మీద ఆ మాట వెయ్యకూడదు. బిడ్డ పోయిన తల్లితో ఆ మాట అన్నవాళ్లని వార్డులో చూశాను. ఆ తల్లి ఇక ప్రార్థన చెయ్యడమే మానేసింది. సువార్తల్లో ఆవగింజంత విశ్వాసం చాలన్నది ప్రభువే కదా. ఎంత ఉందో తూచి చెప్పే త్రాసు మన చేతికి ఇవ్వలేదు.

జనవరి 9

లూకా 18. న్యాయాధిపతి, విధవరాలు.

దీన్ని మనవాళ్లు చాలామంది తిరగేసి చెబుతారు. విసిగించగా విసిగించగా దేవుడు వింటాడు అని. కథలో యేసు చెప్పింది దానికి ఎదురు. ఆ న్యాయాధిపతి దేవుడికి భయపడడు, మనుషుల్ని లెక్కచెయ్యడు. అంతటి దుర్మార్గుడే చివరికి విన్నాడే, మరి మీ తండ్రి వినడా అని అడుగుతున్నాడు. పోలిక కాదు, తేడా చూపిస్తున్నాడు. లూకా 11లో అర్ధరాత్రి తలుపు తట్టిన స్నేహితుడి కథకూడా అంతే. లోపలున్నవాడు నిద్రమత్తులో విసుక్కునే మనిషి, మన తండ్రి అలాంటివాడు కాడు.

అయితే విధవరాలు ఎందుకు? దిక్కులేనిది కాబట్టి. లంచం ఇవ్వడానికి డబ్బు లేదు, తరఫున మాట్లాడే మగవాడు లేడు. ఆమెకి ఉన్నదల్లా మళ్లీ వెళ్లడం. ఆ కథ చివర ప్రభువు అడిగిన ప్రశ్న నన్ను వదలదు: తాను తిరిగి వచ్చేసరికి భూమి మీద విశ్వాసం కనబడుతుందా అని. ఆయన లెక్కలో విశ్వాసమంటే ఆ విధవరాలి తిరుగుడే. మనసులో ఎంత ధైర్యంగా ఉందో అడగలేదు. వచ్చిందా లేదా, అంతే.

జనవరి 15

కనుమ. రాత్రి పదకొండుకి మరదలు ఫోను చేసింది. "వదినా, వచ్చాడు గానీ మనిషిలో లేడు" అంది. కోడిపందేల దగ్గర మూడు రోజులూ తాగాడు. పిల్ల భయపడి పక్కింట్లో పడుకుంది. ఫోనులోనే ప్రార్థన చేసి పెట్టేశాను.

నిద్ర పట్టలేదు.

జనవరి 26, ఆదివారం

పాస్టరుగారు రాజుల మొదటి గ్రంథం 18 చెప్పారు. ఏలీయా, కర్మెలు కొండ, వాన.

ఆ అధ్యాయం మొదట్లోనే దేవుడు వాన కురిపిస్తానని ఏలీయాతో చెప్పేశాడు. మాట ఇచ్చేశాక మళ్లీ అడగడం దేనికి? అయినా ఏలీయా కొండ మీదికి వెళ్లి, నేల మీదికి వంగి, ముఖం మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. పనివాణ్ణి సముద్రం వైపు ఏడుసార్లు పంపించాడు. ఆరుసార్లు వాడు ఏమీ లేదనే చెప్పాడు. ఏడోసారి అరచెయ్యంత మబ్బు.

దానియేలూ అంతే. చెర డెబ్బై ఏళ్లే అని యిర్మీయా గ్రంథంలో చదువుకుని, ఇక కాలం దగ్గరపడిందని ఊరుకోలేదు. గోనెపట్ట కట్టుకుని ఉపవాసముండి ప్రార్థనకి దిగాడు. నాకు అర్థమైనంతలో, వాళ్లు ప్రార్థన చేసింది దేవుడికి ఇష్టం లేక కాదు, దేవుడికి ఇష్టమని తెలిసి. తమ్ముడు బాగుపడటం దేవుడికి ఇష్టమా కాదా అని నేను ఒక్కరోజూ అనుమానపడలేదు. అందుకే అడుగుతున్నాను.

ఆ పనివాడి గురించి ఎవరూ ప్రసంగం చెయ్యరు. ఆరుసార్లు వెళ్లి, ఖాళీ ఆకాశం చూసి, వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మబ్బు ఉన్నట్టు నటించలేదు. మా కూడికల్లో సాక్ష్యాలు చెప్పేటప్పుడు ఇది గుర్తుండాలి.

ఫిబ్రవరి 14, శుక్రవారం

కూడికలో జార్జి ముల్లరు జీవితం చెప్పమన్నారు. బ్రిస్టల్‌లో ఆయన 1836లో అనాథల కోసం ఇల్లు తెరిచాడు. తరవాత యాష్లీ డౌన్‌లో కట్టిన ఐదు భవనాల్లో రెండువేల మందికి పైగా పిల్లలకి చోటుండేది. చందా ఇమ్మని మనుషుల్ని అడగకుండా, దేవుణ్ణే అడిగి నడిపాడు. వచ్చిన ప్రతి కానుకా లెక్క రాసి అచ్చువేయించాడు. ఆ రెండో సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను గట్టిగా చెప్పాను. ప్రార్థనతో నడిచే పనికి లెక్కలు అక్కర్లేదని ఆయన అనుకోలేదు.

ఇంకో సంగతి చెబితే ఆడవాళ్లందరూ ముందుకి జరిగి కూర్చున్నారు. ముల్లరు భార్య మేరీకి అన్నగారు ఆంటనీ నోరిస్ గ్రోవ్స్. ఆ గ్రోవ్స్ పిలిస్తే 1836లోనే బౌడెన్, బీర్ అనే ఇద్దరు కుటుంబాలతో బయలుదేరి వచ్చి నరసాపురంలో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషను అలా మొదలైంది. జీతం ఇస్తామన్న సంఘం వాళ్ల వెనక లేదు. బ్రిస్టల్ ఎక్కడ, నరసాపురం ఎక్కడ! మా అమ్మమ్మ పుట్టిల్లు పాలకొల్లు. అటువైపు వాళ్ల నోట బౌడెన్ దొర పేరు చిన్నప్పుడే విన్నాను.

మార్చి 7, శుక్రవారం

శ్రమదినాల మొదటి శుక్రవారం. మార్కు 9. మూర్ఛరోగి కొడుకుని తీసుకొచ్చిన తండ్రి. నమ్ముతున్నానంటూనే, నమ్మలేకపోతున్నాను సాయం చెయ్యమని ఏడ్చాడు. ప్రభువు అతణ్ణి ముందు విశ్వాసం సంపాదించుకుని రమ్మని పంపలేదు. పిల్లవాణ్ణి బాగుచేశాడు. కొత్తగా వచ్చిన ఆమె ఇవాళ నా పక్కనే కూర్చుంది. చదివేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

ఏప్రిల్ 17, గురువారం రాత్రి

ప్రభురాత్రి భోజనం అయింది. గెత్సేమనే చదివాం.

యేసు మూడుసార్లు అదే మాట అడిగాడని మత్తయి రాశాడు. అదే మాట. కొత్త మాటలు వెతకలేదు. నాకు ఇది ఎంత ఓదార్పో చెప్పలేను. రోజూ తమ్ముడి పేరు పెట్టి అవే నాలుగు మాటలు అంటుంటే, ఇది ప్రార్థనా లేక వల్లెవేతా అని దిగులు పడేదాన్ని. చెమట రక్తబిందువుల్లా కారుతున్నప్పుడు కుమారుడైన ఆయనకీ వేరే మాటలు రాలేదు.

తొలగించమని ఆయన అడిగిన గిన్నె తొలగలేదు కూడా. పౌలు తన శరీరంలోని ముల్లు తియ్యమని మూడుసార్లు వేడుకున్నాడు, అదీ తియ్యలేదు. ఈ రెండూ లేకుండా అడుగుడి ఇవ్వబడును అన్నదొక్కటే చెప్పే ప్రసంగాలు నాకు సహించవు. రెండిట్లోనూ జవాబు మాత్రం వచ్చింది. గెత్సేమనేలో దేవదూత వచ్చి బలపరిచాడు. పౌలుకి కృప చాలునన్న మాట వచ్చింది. అడిగినది రాకపోయినా అడిగినవాడు ఒంటరిగా మిగల్లేదు.

శిష్యులు నిద్రపోయారు. మూడుసార్లు. నర్సులకి ఆ గంట తెలుసు. రెండూ మూడూ మధ్య కళ్లు వాలిపోతాయి, రోగులు పోయేదీ ఎక్కువ ఆ వేళలోనే అనిపిస్తుంది.

మే 9, శుక్రవారం

మూడు రోజుల తరవాత రాస్తున్నాను.

మంగళవారం తమ్ముడు తనంతట తానే తాగుడు ఆపేశాడు. ఊళ్లో ఎవరో ప్రార్థన చేసి, ఇక మందులేవీ వద్దు, విశ్వాసం ఉంటే చాలని చెప్పి పంపారు. రెండో రోజుకి చేతులు వణుకు, గోడల మీద పురుగులు పాకుతున్నాయని అరుపులు. మరదలు ఫోను చేస్తే చెప్పగానే అర్థమైంది. ఆటో ఎక్కించి వెంటనే ఒంగోలు తీసుకురమ్మన్నాను. ఆసుపత్రి గేటు దగ్గర ఫిట్స్ వచ్చింది. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో.

ఏళ్లకేళ్లు విపరీతంగా తాగినవాడు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. నరాలు తట్టుకోలేవు. ఫిట్స్ రాకుండా మందు, థయమిన్ ఇంజక్షన్లు, సెలైన్, కొన్నాళ్లు కనిపెట్టి ఉండటం, ఇవన్నీ కావాలి. ఇది ప్రతి సంఘంలో చెప్పాలి. కూడికలో ఇవాళ నిలబడి చెప్పాను. ప్రార్థన చేసేవాళ్లు వైద్యం, మందులు మాన్పించకూడదు. పౌలు వెంట ప్రయాణాల్లో ఉన్న లూకా వైద్యుడు. హిజ్కియా రాజు ఏడ్చి ప్రార్థన చేస్తే దేవుడు విన్నాడు, యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద వెయ్యమన్నాడు. రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి.

రాత్రంతా మంచం పక్కన కూర్చున్నాను. తమ్ముడికి కొంచెం తెలివి వచ్చి, "అక్కా, నువ్వు ఇంకా నా కోసం అడుగుతున్నావా?" అన్నాడు.

"అడుగుతున్నా."

"ఎందుకు?"

"నువ్వు నా తమ్ముడివి కాబట్టి. పడుకో."

అంతకన్నా గొప్ప జవాబు అప్పుడు రాలేదు, ఇప్పుడూ లేదు.

జూన్ 8, ఆదివారం

పెంతెకొస్తు. మేడగదిలో నూట ఇరవైమంది ఏకమనసుతో కనిపెట్టారని పాస్టరుగారు చెబుతుంటే మా వరసలో ఒక ఖాళీ కనిపిస్తోంది. మా కూడికలో క్యాన్సరుతో బాధపడుతున్న ఒక చెల్లెలు గురువారం ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె కోసం మేము గొలుసు ప్రార్థన పెట్టుకున్నాం. గంటకి ఒకరు చొప్పున రాత్రీ పగలూ.

పుస్తకంలో ఆమె పేరు పక్కన ఏం రాయాలని పెద్దమ్మగారిని అడిగాను. నెరవేరిందని రాయలేను. కొట్టివెయ్యలేను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "త్రోఫిము పక్కన పౌలు ఏం రాశాడు?" అన్నారు.

ఇంటికొచ్చి తీసి చూశాను. తిమోతికి రాసిన రెండో పత్రిక, చివరి అధ్యాయం. త్రోఫిమును మిలేతులో రోగిగా వదిలి వచ్చానని రాశాడు, అంతే. ఎఫెసులో పౌలు ఒంటిని తాకిన గుడ్డలు తీసుకెళ్తేనే రోగులు బాగయ్యారని అపొస్తలుల కార్యాల్లో ఉంది. ఆ మనిషే ఈ వాక్యం రాశాడు. కారణం చెప్పలేదు, త్రోఫిము విశ్వాసం మీద నింద వెయ్యలేదు. చెల్లెలి పేరు పక్కన ఆమె వెళ్లిన తేదీ రాసి వదిలేశాను. ఆమె ఇద్దరు పిల్లల పేర్లు కింద కొత్తగా ఎక్కించాను. పెద్దవాడి కాలేజీ ఫీజు ఈ నెల్లోనే కట్టాలి. నలుగురం కలిసి కడుతున్నాం.

జూలై 3, గురువారం

1878లో ఇదే రోజున వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముందురోజు 614, తరవాతి రోజు 700. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడ్డారు. క్లౌగారు ఒక్కరికీ ఇవ్వలేదు, గట్టున ఉండి నడిపించారు.

సంఖ్య చెప్పి ఆగిపోతే ఆ రోజు అర్థం కాదు. అంతకుముందు రెండేళ్లు ధాత కరువు. క్లౌగారు బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకున్నారు. యువకుడిగా ఉన్నప్పుడు ఆయన సర్వే పని నేర్చుకున్నవాడే. ఆకలితో వచ్చినవాళ్లకి కూలి దొరికింది. బోధకులే మేస్త్రీలు. పనిలో విరామం దొరికినప్పుడల్లా వాక్యం చెప్పారు. ఎంతమంది బాప్తిస్మం అడిగినా పదిహేను నెలలు ఆయన ఒప్పుకోలేదు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని, వాళ్ల నమ్మకం ఎవరిచేతా చులకన కాకూడదని. కరువు సాయం ఆగిపోయాకే నది దగ్గరికి రానిచ్చారు. ఆ వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగపల్లెలవాళ్లు, ఊరు బయట బతికినవాళ్లు. మా తాతల తాతలు.

ఇన్నేళ్లూ 1854 కొండనీ 1878 నదినీ కలిపి ఒకే గీత గీసుకున్నాను. ఈసారి ఆ గీత మధ్యలో పారలు, తట్టలు, ఉప్పునీటి కాలవ గట్టున గంజి కూడా ఉన్నాయి. కొండ మీద మోకరించినవాళ్లు ఆ తరవాత చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఒకరు సముద్రం దాటి వెళ్లి అడిగారు. అలా వచ్చిన క్లౌగారు కాలవ తవ్వించారు. ఎర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వ్యాపారం మనిషి, క్లౌగారు ఒంగోలు రాకముందే దేవుణ్ణి వెతుకుతూ గురువుల చుట్టూ తిరిగినవాడు. ఆయన తన ఊరు తాళ్లకొండపాడు చుట్టుపక్కల పల్లెపల్లెకీ నడిచి చెప్పాడు. జ్యూయెట్ గారు కొండ మీద దొరని పంపమని అడిగితే, దేవుడు పేరయ్యని కూడా అదే సమయంలో సిద్ధం చేస్తున్నాడు. ఆ సంగతి అడిగినవాళ్లకి తెలియదు.

జూలై 25, శుక్రవారం

తమ్ముడు ఆసుపత్రి నుంచి వెళ్లాక కొన్ని వారాలు ముట్టుకోలేదు. జూలై మొదట్లో మళ్లీ తాగాడు. మరదలు ఏడ్చింది. ఆ మరుసటిరోజే తనే బస్సెక్కి డాక్టరుగారి దగ్గరికి వచ్చాడు. ఎవరూ తీసుకురాలేదు. ఇది ఇంతకుముందెప్పుడూ జరగలేదు. పుస్తకంలో ఇంకా తేదీ వెయ్యను, ఏలీయా పనివాడిలాగే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఇవాళ కూడిక మధ్యలో తమ్ముడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. ప్రార్థన అయ్యాక నన్ను పక్కకి పిలిచాడు.

"అక్కా, మీ పుస్తకంలో ఒక పేరు రాస్తావా?"

"నీది ఉందిగా."

"నాది కాదు. క్వారీలో నాతో పనిచేసేవాడు. నాకంటే ఎక్కువ తాగుతాడు. ఇప్పుడు ఆపేస్తానంటున్నాడు. నాకు జరిగినట్టు జరుగుతుందేమోనని భయమేసింది."

ఒక్కసారిగా ఆపొద్దని, ముందు డాక్టరుకి చూపించమని వెంటనే ఫోనులో చెప్పించాను. పేరు రాశాను. తేదీ వేశాను. ఎవరు అడిగారు అన్నచోట తమ్ముడి పేరు రాశాను. సోమవారం మరదలూ నేనూ చీమకుర్తి వెళ్లి ఆ అబ్బాయి భార్యతో మాట్లాడతాం. వాళ్లకి రేషన్ బియ్యం తప్ప ఇంట్లో ఏమీ లేవని తమ్ముడు చెప్పాడు. పప్పు, నూనె, చింతపండు, పిల్లలకి బిస్కెట్లు తీసుకెళ్లాలి. ఎనిమిదింటి బస్సు.